ఆలుమగలకు రెండు లెక్కలు

సేద్యం చేసుకునేవాళ్లకు ఇన్‌కంటాక్సుతో పనేముందిలే అనుకుంటాం. సగం నిజమే. అచ్చంపేట చుట్టుపక్కల సొంత చేలో అయినా, కౌలు చేలో అయినా మనం పండించిన మిరప, పత్తి మీద ఆదాయపు పన్ను లేదు. కాయను గుంటూరు యార్డుకు తోలి వెంటనే అమ్మినా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆర్నెల్లకు అమ్మినా అంతే. కాని పక్క రైతు కాయ కొని, నిల్వపెట్టి అమ్మితే అది వ్యాపారం. పురుగుమందుల కొట్టు, ట్రాక్టరు కిరాయి, చివరికి గేదెల పాల డబ్బు కూడా సేద్యం కిందికి రావు. పాడీ పంటా మనకు ఒకటేగాని పన్ను చట్టానికి కాదు.

ఇక భార్యాభర్తల సంగతి. మన దేశంలో ఇద్దరికీ కలిపి ఒకే రిటర్ను వేసే పద్ధతి లేదు. ఎవరి పాన్ కార్డు వారిదే, ఎవరి మినహాయింపు వారిదే. 2025-26 నుంచి కొత్త విధానంలో ఒక్కొక్కరికి 4 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి రిబేటు ఉంది.

భర్తకు ఎరువుల కొట్టు ఉందనుకుందాం. ఏడాదికి 30 లక్షల అమ్మకం. చాలామంది హడలిపోయేది ఇక్కడే. అమ్మకం వేరు, ఆదాయం వేరు. 2 కోట్లు దాటని చిన్న వ్యాపారి నగదు అమ్మకంపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం లాభంగా చూపవచ్చు (అసలు లాభం ఎక్కువైతే ఎక్కువే చూపాలి). చెరిసగమైతే 1,20,000, 90,000 కలిపి 2,10,000. పన్ను లేదు.

భార్య డ్వాక్రా అప్పుతోనో, పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన డబ్బుతోనో గేదెలు కొంటే పాల ఆదాయం ఆమెదే. భర్త తన డబ్బు ఊరికే ఇచ్చి ఆమె పేరున కొనిపిస్తే మాత్రం ఆ లాభం భర్త లెక్కలోకే వస్తుంది. పేరు మారినంత మాత్రాన పన్ను మారదన్నమాట. భార్య భర్తకిచ్చినా ఇదే రూలు.

1973 నుంచి ఒక మెలిక కూడా ఉంది. ఇతర ఆదాయం మినహాయింపు పరిమితి దాటి, సేద్యం మీద నికరాదాయం 5,000 మించితే, పన్ను రేటు తేల్చడానికి దాన్నీ కలుపుతారు. కనుక యార్డు బిల్లులు, మందుల రసీదులు పారేయకండి.

పి.ఎం.కిసాన్ 6,000 సంగతీ ఇందులోనే ఉంది. కిందటి అసెస్‌మెంటు సంవత్సరంలో ఆలుమగల్లో ఏ ఒక్కరు పన్ను కట్టినా ఆ కుటుంబం అనర్హమే. పన్ను పడని రిటర్ను వేయడం, పన్ను కట్టడం ఒకటి కాదు. మిరప డబ్బును వ్యాపార లాభంగా రాసేస్తే లేని పన్ను పడుతుంది, ఆ 6,000 కూడా పోతాయి. రిటర్ను నింపే అతనికి ఓటీపీ చెప్పేముందు సేద్యం డబ్బు ఏ గడిలో రాశాడో చూపించమని అడగండి.