పాత సైకిలు, కొత్త సైకిలు: ఒక ఇంటర్‌ఫేసు పాఠం

మనలో చాలామంది సైకిలు నేర్చుకున్నది గంటకింతని అద్దెకి తెచ్చిన సైకిలు మీదే. సీటు అందక, ఫ్రేము మధ్యలోంచి కాలు పెట్టి తొక్కినవాళ్ళమే. ఆ బరువైన సైకిలుకీ, ఇవాళ 12 గేర్లతో వచ్చే సైకిలుకీ పోలికేమిటని నేనూ అనుకునేవాణ్ణి. కిందటేడు రియాద్‌లో జరిగిన ఒక చిన్న సంఘటన తర్వాత ఆ పోలికని కొంచెం జాగ్రత్తగా చెయ్యాలనిపించింది.

ఆపి ఉంచిన నా సైకిలు పక్కకి పడిపోయింది. గీత కూడా పడలేదు. కానీ గేరు మార్చే డిరేలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే అల్యూమినియం ముక్క వంగిపోయింది. ఫ్రేము పాడవకుండా తాను వంగడమే దాని పని కనక తప్పు దానిది కాదు. చిక్కల్లా ఏమిటంటే ఆ మోడల్‌కి ఆ ఆకారంలో ఉన్న హ్యాంగరే కావాలి. రియాద్‌లో దొరకలేదు. తెప్పించుకోడానికి మూడు వారాలు పట్టింది.

మా బిల్డింగులో ఏసీలు బాగుచేసే నిజామాబాద్ అతను నా అవస్థ చూసి, "శుక్రవారం నాకు పని లేదు, నా సైకిల్ తీస్కపో సార్. గేర్లు లెవ్వు గని, ఆగేదైతే లేదు" అన్నాడు. క్యారియరు, స్టాండు, రాడ్ బ్రేకులు ఉన్న నల్ల సైకిలు అది. రోజూ తెల్లారి పనికి వెళ్ళేది దాని మీదే.

గేర్లు: ఎనలాగ్, డిజిటల్

పాత గేర్లలో రెండు జాతులు. ఒకటి హబ్ గేరు. 1902లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో మొదలైన స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1936లో తెచ్చిన ఏ.డబ్ల్యు. హబ్బు దీనికి మంచి ఉదాహరణ. మూడు గేర్లూ వెనక చక్రం ఇరుసు చుట్టూ, మూసిన డబ్బాలో ఉంటాయి. మధ్య గేరుని 100 అనుకుంటే కిందది 75, పైది 133.

రెండోది డిరేలర్. గొలుసుని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకో దానిమీదకి తోస్తుంది. పాత లివర్‌కి మెట్లు లేవు, రాపిడి వల్ల పెట్టిన చోట ఆగుతుంది. గొలుసు సరిగ్గా కూర్చుందో లేదో చెవితో విని సర్దుకోవాలి. అంటే ఎనలాగ్ అన్నమాట. 1984లో షిమానో కంపెనీ తన డ్యూరా-ఏస్ శ్రేణిలో ఇండెక్స్ పద్ధతి తెచ్చింది: ఒక క్లిక్కుకి ఒక గేరు. 2009లో అదే శ్రేణిలో తీగకి బదులు మోటారు కూడా వచ్చింది.

క్లిక్కులో ఉన్న హాయి తొక్కితేనే తెలుస్తుంది. కానీ దానికో షరతు ఉంది. ఒక క్లిక్కు తీగని ఎంత లాగుతుంది, ఆ లాగుడుకి డిరేలర్ ఎంత జరుగుతుంది, పళ్ళచక్రాల మధ్య ఎడం ఎంత అన్న మూడు కొలతలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. అందుకే ఒక కంపెనీ లివర్ ఇంకో కంపెనీ డిరేలర్‌తో తరచు పొసగదు. రాపిడి లివర్‌కి ఈ ఒప్పందం అక్కర్లేదు. వెనక 6 చక్రాలున్నా 8 ఉన్నా పనిచేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇది లూజ్ కప్లింగ్. కాకపోతే ఎర్రర్ కరెక్షన్ బాధ్యత యూజర్‌ది.

రేంజిలో మాత్రం కొత్తదే గెలుపు. వెనక 10 నుంచి 52 పళ్ళ దాకా ఉన్న 12 గేర్ల క్యాసెట్‌లో అన్నిటికన్నా తేలిక గేరుకీ బరువు గేరుకీ మధ్య తేడా 5.2 రెట్లు. మూడు గేర్ల హబ్బులో 1.78 రెట్లే. రియాద్‌కి పడమర ఉన్న తువైఖ్ ఎత్తులు ఎక్కాలంటే ఈ తేడా మోకాళ్ళకి తెలుస్తుంది.

గొలుసు, దుమ్ము

గొలుసులో ఒక పిన్నుకీ తరువాతి పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. పాత సైకిలుకీ కొత్త సైకిలుకీ ఇదే కొలత. మారింది వెడల్పు. 8 గేర్ల గొలుసు 7 మి.మీ. పైచిలుకు ఉంటే, 12 గేర్లది 5 మి.మీ. పైచిలుకు మాత్రమే. రియాద్ సన్న దుమ్ము గొలుసు నూనెలో కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది. డిరేలర్ గొలుసుకి దాన్నుంచి రక్షణ లేదు; తరచు తుడవాలి. కవరు వేసిన పాత సైకిలు గొలుసు దీన్ని చాలాకాలం తట్టుకుంటుంది. అదే జెద్దా, దమ్మాంలలో అయితే ఉప్పుగాలికి పాత ఇనుము తుప్పు పడుతుంది. అక్కడ అల్యూమినియం భాగాలే మేలు.

బ్రేకు దగ్గర మొహమాటం వద్దు

ఆ శుక్రవారం ఒక నీళ్ళ ట్యాంకరు నుంచి కారిన మడుగులోంచి వెళ్ళి, సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కాను. సైకిలు ఆగలేదు. కాళ్ళు నేలకి రాసి, ముందున్న కారుకి జానెడు దూరంలో ఆపాను. అతనన్న "ఆగేదైతే లేదు" రెండర్థాల్లోనూ నిజమే!

కారణం సులభం. క్రోమ్ పూత ఉన్న ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరుకి పట్టు చాలా తగ్గిపోతుంది. అల్యూమినియం రిమ్ము అంతకన్నా నయం. డిస్క్ బ్రేకులో రాపిడి జరిగే చోటు రోడ్డు నీటికి దూరంగా, ఇరుసు దగ్గర ఉంటుంది కనక ఇంకా నయం.

అతనికి మంచి బ్రేకు పెట్టిద్దామని చూస్తే అక్కడా ఇంటర్‌ఫేసు అడ్డొచ్చింది. ఆ రిమ్ముని వెస్ట్‌వుడ్ రిమ్ము అంటారు. బ్రేకు రబ్బరు దాని లోపలి ముఖాన్ని, అంటే ఇరుసు వైపు ముఖాన్ని నొక్కుతుంది. పక్కలు చదునుగా ఉండవు కనక మామూలు కాలిపర్ బ్రేకు పట్టదు. రిమ్ము మారుద్దామంటే ఆ 635 మి.మీ. కొలతలో అల్యూమినియంది నాకు దొరకలేదు. పాతదైనంత మాత్రాన అన్నిటికీ కలుస్తుందనుకోవడం పొరపాటే. చివరికి కొత్త రబ్బర్లు వేయించి, రాడ్లు సరిచేయించి, ముందూ వెనకా ఎల్.ఇ.డి. దీపాలు తగిలించాం. దీపాలు ఏ సైకిలుకైనా పట్టాయి. తడిస్తే ముందే బ్రేకు వెయ్యమని మాత్రం గట్టిగా చెప్పాను.

మళ్ళీ స్టాండర్డు వైపు

కంపెనీలకి కూడా ఈ పాఠం ఆలస్యంగానైనా అందుతోంది. పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌కి పాత బి.ఎస్.ఏ. కొలత 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు. 2000 తర్వాత మరలు లేకుండా నొక్కి బిగించే రకాలు బోలెడు వచ్చాయి. కిర్రుమని చప్పుడన్న ఫిర్యాదులూ వచ్చాయి. ఇప్పుడు చాలా కొత్త ఫ్రేములు మళ్ళీ మరలకే తిరిగొచ్చాయి. నన్ను మూడు వారాలు కూర్చోబెట్టిన హ్యాంగర్‌కి కూడా 2019లో శ్రామ్ కంపెనీ యూనివర్సల్ హ్యాంగర్ ప్రకటించింది. ఇతర కంపెనీల ఫ్రేముల్లోనూ అది వస్తోంది.

కనక సైకిలు కొనేటప్పుడు పాతదా కొత్తదా అన్నది రెండో ప్రశ్న. ఈ భాగం పాడైతే దీని స్థానంలో ఏమేం పడతాయి, అవి మనం ఉన్న ఊళ్ళో దొరుకుతాయా అన్నది మొదటి ప్రశ్న. బ్రేకులు, దీపాలు మటుకు దొరికినంతలో కొత్తవే తీసుకోండి. అక్కడ పాతకాలం మీద మమకారం పనికిరాదు. గేర్లు, గొలుసు దగ్గర మీ రోడ్డు, మీ దుమ్ము చూసుకుని నిర్ణయించుకోండి.

నేనైతే హ్యాంగర్లు రెండు తెప్పించాను. ఒకటి సైకిలుకి, ఒకటి సంచీలో.