తొలి లాగుడు: ఏటీవీ వాహనమున క్లచ్చు, ఇంజనుల పాత్ర

వాహనములను గూర్చి మాటలాడునపుడు మన విద్యార్థులు తరచుగా వాడు మాట 'పికప్'. బండి కదలు క్షణమున గాని, ఎత్తు ఎక్కునపుడు గాని, బరువు లాగునపుడు గాని తగిన ఊపు లేనిచో 'పికప్ లేదు' అందురు. భాషను బోధించువారమగుటచేత మేము మాటనుండియే విషయమునకు వత్తుము. తెలుగున బలము వేరు, వేగము వేరు. ఉర్దూలోను జోర్ వేరు, రఫ్తార్ వేరు. అయినను ఇంజను మాట వచ్చునప్పటికి ఈ రెండింటిని 'పవర్' అను ఒక్క మాటలో కలిపివేయుచున్నాము. ఈ కలిపివేతకు మూల్యము మెకానిక్కు షాపులో చెల్లింపబడుచున్నది. తండ్రుల కష్టార్జితము హోరుమను సైలెన్సర్లకును, అవసరము లేని విడిభాగములకును వ్యయమగుచున్నది. కావున తొలి లాగుడు ఎచట పుట్టును, ఎచట నశించును, దానిని తిరిగి పొందు క్రమమెట్టిది అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతుము. ఇందుకు ఉదాహరణముగా ఏటీవీ వాహనమును గ్రహించుచున్నాము. వేగముకన్న లాగుడు ముఖ్యమైన వాహనమగుటచే అందు ఈ ప్రశ్నలు మిక్కిలి స్పష్టముగా కానవచ్చును.

ఏటీవీ యనగా నేమి?

'ఆల్ టెరైన్ వెహికిల్' అనుదాని సంక్షిప్త రూపమే ఏటీవీ. అన్ని నేలలపై నడచు వాహనమని అర్థము. గుఱ్ఱముపై వలె అటునిటు కాళ్లు వేసి కూర్చొని, మోటారు సైకిలు హ్యాండిలు వంటి హ్యాండిలుతో దీనిని నడపుదురు. వెడల్పైన టైర్లలో గాలి తక్కువగా నింపుటచే బురదలోను, ఇసుకలోను, మంచులోను దిగబడక సాగును. 1970లో జపాను దేశపు హోండా సంస్థ మూడు చక్రముల ఏటీవీని అమెరికా విపణిలో ప్రవేశపెట్టినది. 1980 దశకపు ఆరంభమున సుజుకి సంస్థ నాలుగు చక్రముల వాహనమును తెచ్చినది. మూడు చక్రముల వాహనములు బోల్తాపడి ప్రమాదములు పెరుగుటచే, 1988లో అమెరికా ప్రభుత్వమునకును తయారీదారులకును కుదిరిన ఒడంబడిక ననుసరించి వాటి కొత్త అమ్మకములు అక్కడ నిలిచిపోయినవి. నేడు నాలుగు చక్రముల ఏటీవీలు పొలములలోను, పశువుల క్షేత్రములలోను, అడవి దారులలోను, క్రీడలలోను వాడబడుచున్నవి.

బలభ్రామకము, సామర్థ్యము

భౌతికశాస్త్రము ఈ విషయమున మూడు మాటలను వేరుచేయును. నెట్టునది లేక లాగునది బలము. ఇరుసును త్రిప్పగల బలప్రభావము బలభ్రామకము. మెకానిక్కులు దీనినే టార్కు అందురు. ఒక సెకనులో జరుగు పని సామర్థ్యము. బలభ్రామకమును కోణీయ వేగముచే గుణించినచో సామర్థ్యము వచ్చును.

ఒక లెక్క చూతము. ఒక ఇంజను నిమిషమునకు 5,000 చుట్ల వద్ద 30 న్యూటన్-మీటర్ల బలభ్రామకము నిచ్చుననుకొందము. దాని కోణీయ వేగము సెకనుకు 523.6 రేడియనులు, సామర్థ్యము సుమారు 15.7 కిలోవాట్లు. ఒక అశ్వసామర్థ్యము 746 వాట్లు గనుక ఇది 21 అశ్వసామర్థ్యములు. అదే ఇంజను 2,500 చుట్ల వద్ద అదే 30 న్యూటన్-మీటర్ల నిచ్చినను సామర్థ్యము సగమే. బండి నెమ్మదిగా కదలునపుడు ఇంజను కూడ నెమ్మదిగా తిరిగినచో, ఉన్న సామర్థ్యములో సగము వాడుకకే రాదన్నమాట. తొలి లాగుడు సమస్యకు మూలము ఇదియే.

ఇక చక్రము వద్దకు వత్తము. ఇంజను 20 సార్లు తిరిగినపుడు చక్రము ఒక్కసారి తిరుగునట్లు అమరిక ఉన్నదనుకొనినచో, 30 న్యూటన్-మీటర్లు చక్రము వద్ద 600 అగును. టైరు వ్యాసము 25 అంగుళములైనచో వ్యాసార్ధము 0.3175 మీటరు, నేలపై లాగు బలము 1,890 న్యూటన్లు. ఇపుడు అందము కొరకో, బురదలో ఎత్తు కొరకో 28 అంగుళముల టైరు వేసినచో వ్యాసార్ధము 0.3556 మీటరగును, లాగు బలము 1,687 న్యూటన్లకు దిగును. ఇంజనును ఎవ్వరును ముట్టలేదు. అయినను నూటికి సుమారు 11 వంతుల లాగుడు పోయినది. ఈ లెక్కలో ఘర్షణను, టైరు నొక్కుకొనుటను విడిచితిమి. టైరు బరువు పెరుగుటచే కలుగు నష్టము దీనికి అదనము. పెద్ద టైర్లు వేసి 'ఇంజను బలహీనమైనది' అనువారు ఈ లెక్కను గమనింపవలెను.

రెండు పుల్లీలు, ఒక బెల్టు

అనేక ఏటీవీలలో గేర్లు మార్చుటకు బదులు రెండు పుల్లీల నడుమ తిరుగు బెల్టు ఉండును. ఈ పద్ధతిని కార్లలో ప్రసిద్ధము చేసినది నెదర్లాండ్సు దేశపు డాఫ్ సంస్థ. 1958లో ఆ సంస్థ కారు ఈ అమరికతో వెలువడినది. మన దేశమున 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరు ఈ పద్ధతిదే. నేడు మన కళాశాల ఆవరణమున నిలుచు యాక్టివా వంటి గేర్లు లేని పెట్రోలు స్కూటర్లు దీనితోనే నడచుచున్నవి. కావున ఏటీవీని ఎన్నడు చూడని విద్యార్థికిని ఈ పాఠము పరాయిది కాదు.

ఒక్కొక్క పుల్లీ ఎదురెదురుగా ఉన్న రెండు వాలు పళ్లెముల కూర్పు. ఆ పళ్లెములు దగ్గరైనచో బెల్టు అంచు వైపునకు ఎక్కును. దూరమైనచో నడిమికి జారును. ఇంజను వైపు పుల్లీలో బరువులు, స్ప్రింగు ఉండును. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ఈ పుల్లీ పళ్లెములు దూరముగా నుండుటచే బెల్టు చిన్న వృత్తముపైనను, చక్రము వైపు పుల్లీలో పెద్ద వృత్తముపైనను తిరుగును. ఇది మొదటి గేరుతో సమానము. ఇంజను చుట్లు పెరిగినకొలది బరువులు అపకేంద్ర బలముచే వెలుపలికి పోయి పళ్లెమును నెట్టును. బెల్టు పైకి ఎక్కును. క్రమముగా అమరిక పై గేరుకు మారినట్లగును.

చక్రము వైపు పుల్లీలో మరియొక స్ప్రింగును, అనేక ఏటీవీలలో హెలిక్స్ అను వాలు గాడియు నుండును. బండి ఎత్తు ఎక్కునపుడు భారము పెరిగి, ఆ గాడి పళ్లెములను దగ్గరకు నొక్కును; బెల్టు తిరిగి క్రింది గేరు స్థితికి వచ్చును. ఒక పుల్లీ వేగమును తెలిసికొనును, రెండవది భారమును తెలిసికొనును. ఈ రెండింటి పోటీలో కుదిరిన సమతౌల్యమే బండి నడక.

క్లచ్చులో చేయదగిన మార్పులు

ఈ సమతౌల్యమును మార్చుటకు నాలుగు మార్గములు కలవు.

మొదటిది బరువులు. తేలికైన బరువులు వేసినచో బెల్టు ఆలస్యముగా ఎక్కును. ఇంజను ఎక్కువ చుట్ల వద్ద, అనగా ఎక్కువ సామర్థ్యము గల స్థితిలో పనిచేయును. లాగుడు పెరుగును. కాని మోత, ఇంధన వ్యయము కూడ పెరుగును. మరీ తేలికైనచో బెల్టు పూర్తిగా ఎక్కకముందే ఇంజను తన హద్దును చేరి, గరిష్ఠ వేగము తగ్గును.

రెండవది ఇంజను వైపు స్ప్రింగు. గట్టి స్ప్రింగు బరువుల నెట్టుడును ఎదిరించి బెల్టు ఎక్కుటను ఆలస్యము చేయును. కొన్ని ఏటీవీలలో ఈ పుల్లీయే క్లచ్చు పని కూడ చేయును; అట్టివానిలో గట్టి స్ప్రింగు వలన బండి ఎక్కువ చుట్ల వద్ద గాని కదలదు. మితిమీరినచో కుదుపు పుట్టి బెల్టు వేడెక్కును.

మూడవది చక్రము వైపు స్ప్రింగు. ఇది గట్టిదైనచో బెల్టు జారదు. భారము తగిలినపుడు త్వరగా క్రింది గేరు స్థితికి వచ్చును. మరీ గట్టిదైనచో బెల్టు అరుగును.

నాలుగవది హెలిక్సు. కోణము చిన్నదైనచో బెల్టు నెమ్మదిగా పై స్థితికి పోవును, త్వరగా క్రింది స్థితికి వచ్చును. బరువులు లాగు వాహనమునకు ఇది మేలు.

ఇచట ఒక ముఖ్య విషయము. ఈ మార్పులేవియు సామర్థ్యమును సృష్టింపవు. ఇంజనులో ఉన్నదానిని సమయమునకు అందించును, అంతే. కదలిక ఆరంభమున ఉండు గేరు నిష్పత్తిని కూడ ఇవి మార్చవు. అది పుల్లీల కొలతలచే నిర్ణీతము. టైరు పెద్దదైనందున పోయిన నిష్పత్తిని తిరిగి తేవలెనన్న గేరు పెట్టెలో పండ్ల సంఖ్య మార్చవలెను. మన లెక్కలో 28ని 25చే భాగించిన 1.12, అనగా నిష్పత్తిని నూటికి 12 వంతులు పెంచినచో లాగుడు తిరిగి 1,890 న్యూటన్లగును. అదే చుట్ల వద్ద బండి వేగమును పూర్వపుదే యగును. మన మాదిరి లెక్కలోని టైరు మార్పుకు సరియైన సమాధానము గేరు నిష్పత్తియే కాని ఇంజను కాదు.

ఇంజనులో చేయు మార్పులు

ఇంజను భాగముల వలన నిజముగానే సామర్థ్యము పెరుగును. అయితే ఎంత?

సిలిండరు వ్యాసమును 90 మిల్లీమీటర్లనుండి 93కు పెంచినామనుకొందము. వైశాల్యము వ్యాసపు వర్గమును అనుసరించును గనుక ఘనపరిమాణము నూటికి 6.8 వంతులు పెరుగును. సంపీడన నిష్పత్తిని 9 నుండి 10.5కు పెంచినచో, ఆదర్శ ఆటో చక్రపు సూత్రము ప్రకారము దక్షత 58.5 నుండి 61 శాతమునకు చేరును. అనగా పూర్వముకన్న నూటికి 4 వంతులకు కొంచెము పైన. రెండును కలిపినచో లాభము సుమారు 11.3 వంతులు. పెద్ద టైరుతో 1,687కు దిగిన మన లాగుడు ఇపుడు 1,878 న్యూటన్లు. సిలిండరు విప్పి, కొత్త పిస్టను వేసి, ఇంత వ్యయము చేసిన పిమ్మట మనము చేరినది బయలుదేరిన చోటికే, అదియు 12 న్యూటన్ల తక్కువకు!

కామ్‌షాఫ్టు విషయమున మరింత జాగ్రత్త కావలెను. పందెపు వాహనముల కామ్‌షాఫ్టు వాల్వులను ఎక్కువ సేపు తెరచి యుంచును. అధిక వేగమున అది మేలే. తక్కువ వేగమున మాత్రము సిలిండరులోనికి వచ్చిన మిశ్రమములో కొంత వెనుకకు నెట్టబడును. తొలి లాగుడు తగ్గును. తొలి లాగుడు కోరువారికి తక్కువ సేపు తెరచునట్టి కామ్‌షాఫ్టే తగినది. సంపీడనము పెంచినవారు అధిక ఆక్టేను గల పెట్రోలు వాడవలెను. లేనిచో ఇంజను కొట్టుకొని పిస్టను చెడును. సైలెన్సరు మార్చి ఇంధన మిశ్రమమును సరిచూడనిచో మిశ్రమము పలుచనై ఇంజను అతిగా వేడెక్కవచ్చును. ఎక్కువ మోత ఎక్కువ బలమునకు గుర్తు కాదు.

క్రమమే ప్రాణము

పై విచారణనుండి ఒక క్రమము తేలుచున్నది. మొదట ఉన్నదానిని పరీక్షింపవలెను. అరిగి వెడల్పు తగ్గిన బెల్టు చక్రము వైపు పుల్లీలో లోపలికి జారి, ఆరంభ నిష్పత్తిని తగ్గించును. బెల్టు వెడల్పును తయారీదారు పుస్తకములోని హద్దుతో పోల్చవలెను. అరిగిన రోలర్లు, మురికి పట్టిన గాలి వడపోత, తగ్గిన టైరు గాలి, పట్టియున్న బ్రేకు, సంపీడనము కారు వాల్వు - వీనిలో ఏది యున్నను కొత్త భాగములు వ్యర్థములే. రెండవది, వాహనమునకు 'లో' గేరు ఉన్నచో బరువు లాగునపుడు దానిని వాడవలెను. ఇందుకు పైసా ఖర్చు లేదు. మూడవది టైరుకు తగిన గేరు నిష్పత్తి. నాలుగవది క్లచ్చు బరువులు, స్ప్రింగులు. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితమును వ్రాసికొనవలెను. ఇంజను మార్పు చిట్టచివరిది.

లాగుడు పెరిగినంత మాత్రమున బ్రేకులు పెరుగవు. నిటారు ఎత్తున హఠాత్తుగా త్రాటిలు త్రిప్పినచో ముందు చక్రములు లేచి వాహనము వెనుకకు తిరుగబడి నడపువానిపై పడవచ్చును. బెల్టు మూతను తీసి ఇంజనును నడపరాదు. నొక్కియున్న స్ప్రింగును సరియైన పనిముట్టు లేక విప్పరాదు. శిరస్త్రాణము లేనిదే ఎక్కరాదు. మన స్కూటర్లు, మోటారు సైకిళ్ల విషయమున మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను కూడ కలదు. నమోదైన వాహనమున తయారీదారు నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా మార్పులు చేయుట నిషిద్ధము. ప్రాణముకన్న పికప్ గొప్పది కాదు.

మా విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. బలము చాలనపుడు కొత్త బలమును కొనుటకు పరుగెత్తుటకన్న, ఉన్న బలము ఎచట పోవుచున్నదో వెదకుట మేలు. అందుకు కావలసినవి ఒక టేపు, ఒక కాగితము, ఒక పెన్సిలు, కొంత ఓర్పు. మెకానిక్కు షాపునకు పోవుటకు ముందు పదవ తరగతి గుణకారమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనువాడు ధనమును, ప్రాణమును రెండింటిని కాపాడుకొనును. తరగతి గదిలో నేర్చిన సూత్రము బురదలో దిగబడిన చక్రమును కదలించిన నాడు ఆ చదువు సార్థకమగును.