చేపల తొట్టెలో కాళ్లు పెట్టే ముందు

సెలవులకు చెన్నై, బెంగళూరు వెళ్లొచ్చిన పిల్లలు క్లాసులో మొదట చెప్పేది మాల్‌లోని ఫిష్ స్పా గురించే. "స్వర్ణముఖిలో నీళ్లున్నప్పుడు కూడా చేపలు ఇలాగే గిలిగింతలు పెడతాయి కదా టీచర్!" అంటారు. నిజమే. కానీ అది పారే నీరు, ఇది ఎందరో కాళ్లు పెట్టిన తొట్టె.

గర్రా రూఫా అనే ఈ చేపకు పళ్లుండవు. మెత్తబడిన మృతచర్మాన్ని గీకి తింటుంది. పార్లర్‌లో కత్తెరను మరిగించి శుభ్రం చేయొచ్చు, బతికున్న చేపనెలా మరిగిస్తాం? 2011లో బ్రిటన్‌కు దిగుమతైన ఈ చేపల్లో మనుషులకు జబ్బు చేసే బ్యాక్టీరియా దొరికింది. కొన్ని యాంటీబయాటిక్స్‌కు లొంగనివి కూడా. ఆరోగ్యవంతులకు ప్రమాదం తక్కువేనని అక్కడి ఆరోగ్య సంస్థ చెబుతూనే, షుగర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలంది.

కాలికి గీతలు పడని పిల్లలు మన స్కూల్లో ఎంతమంది? వెంట వచ్చే తాతయ్యకు షుగరుంటే, పాదంలో స్పర్శ తగ్గి పుండు పడినా తెలియదు. టికెట్ కొనేముందే అందరి పాదాలూ ఓసారి చూడండి.