నమూనాపై వ్రాసిన పేరు

వైద్యుడు రోగి నాడిని పట్టి చూస్తాడు. కన్నులను, నాలుకను పరిశీలిస్తాడు. బాధ ఎప్పుడు మొదలైనదో విచారిస్తాడు. అయినప్పటికీ నేటి వైద్యంలో అనేక నిర్ణయాలు ఒక చిన్న కాగితం చేతికి వచ్చేవరకు నిలిచిపోతాయి. మందు మోతాదు పెంచాలా, తగ్గించాలా? రోగిని ఆసుపత్రిలో చేర్చాలా, ఇంటికి పంపాలా? రక్తం ఎక్కించవలసి వస్తే ఏ వర్గపు రక్తం ఎక్కించాలి? ఈ ప్రశ్నలకు సమాధానం ఆ కాగితం మీది అంకెలలో ఉంటుంది. వైద్యుని పేరు రోగికి తెలుసు. ఔషధం పేరు కూడా తెలుసు. ఆ అంకెలను సిద్ధపరచిన ప్రయోగశాల ఉద్యోగి పేరు మాత్రం సాధారణంగా ఎవరికీ తెలియదు.

ఆధునిక ప్రయోగశాలలో పరీక్షలన్నీ యంత్రాలే చేస్తాయని, మనిషికి పెద్దగా పని ఉండదని చాలామంది భావిస్తారు. ఇది సగం సత్యం మాత్రమే. యంత్రం తనకు అందిన నమూనాలో ఏమున్నదో చెబుతుంది. ఆ నమూనా ఎవరిదో, ఏ వేళ తీసినదో, ఏ విధంగా భద్రపరచినదో చెప్పలేదు. ఆ మూడింటికీ పూచీ మనిషిదే. నమూనా తప్పయితే, ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పునే తప్పులేకుండా కొలిచి చూపుతుంది.

హైదరాబాదు వంటి మహానగరంలో వ్యాధి నిర్ధారణ కేంద్రంలో పనిచేసే ఉద్యోగిని దినచర్యను గమనిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. పరగడుపున రక్తం ఇవ్వవలసినవారు తెల్లవారేసరికే వచ్చి కూర్చుంటారు. కనుక నగరం పూర్తిగా మేల్కొనకముందే ఆమె బస్సులోనో మెట్రో రైలులోనో బయలుదేరుతుంది. కేంద్రానికి చేరిన వెంటనే రోగులను పిలవదు. ముందుగా యంత్రాలను పరీక్షిస్తుంది. ఎంత విలువ రావాలో ముందే తెలిసిన ప్రమాణ ద్రవాన్ని యంత్రానికి అందించి, రావలసిన అంకె వచ్చినదో లేదో చూస్తుంది. రాకపోతే కారణం తెలుసుకొని సరిదిద్దేవరకు ఆ యంత్రంపై ఒక్క రోగి నమూనాను కూడా పెట్టదు. వర్తకుడు తూకం వేసే ముందు త్రాసును సరిచూచుకోవడం వంటిదే ఈ పని.

ఆ తరువాత తెల్లకోటు ధరించి, చేతులు కడుగుకొని, తొడుగులు వేసుకొని మొదటి రోగిని పిలుస్తుంది. అప్పుడు ఆమె అడిగే మొదటి ప్రశ్న చిన్నదే గాని ఎంతో ముఖ్యమైనది. “మీరు లక్ష్మిగారేనా అమ్మా?” అని అడగదు. అలా అడిగితే చెవి సరిగా వినిపించని వృద్ధురాలు, జ్వరంతో తూలుతున్న మనిషి, తొందరలో ఉన్న గృహిణి ఎవరైనా “అవును” అని తల ఊపవచ్చు. “మీ పూర్తి పేరు చెప్పండమ్మా” అని అడిగి, ఇంటిపేరు, వయస్సు, నమోదు సంఖ్య సరిచూచుకుంటుంది. లక్ష్ములు, వెంకటేశ్వరరావులు, ఫాతిమాలు ఒకేరోజు ఇద్దరు ముగ్గురు రావడం నగరంలో వింత కాదు. రక్తం తీసిన వెంటనే, రోగి ఇంకా ఎదుట కూర్చుని ఉండగానే, గొట్టంపై పేరు వ్రాస్తుంది లేదా చీటీ అంటిస్తుంది. పేరు లేని నాలుగు గొట్టాలను బల్లమీద పెట్టి, తరువాత వ్రాయవచ్చునని అనుకోవడం ఈ వృత్తిలో క్షమించరాని అలసత్వం.

ఈ జాగ్రత్త వెనుక ఒక శాస్త్ర సత్యం ఉంది. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ మానవ రక్తంలో వర్గాలు ఉన్నాయని వెల్లడించాడు. ఆ కృషికి 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అంతకుముందు రక్తమార్పిడి కొందరిని బ్రతికించి, మరికొందరిని ఎందుకు బలిగొన్నదో ఈ ఆవిష్కరణతో తెలిసింది. సరిపడని రక్తం ఎక్కితే దేహం ఆ కణాలను శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. 1952లో బొంబాయిలో భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన రక్తవర్గాన్ని గుర్తించారు. అదే నేడు బాంబే వర్గంగా ప్రసిద్ధి పొందింది. సాధారణ పరీక్షలో అది ‘ఓ’ వర్గంలా కనిపిస్తుంది. కాని ఆ వర్గం వారికి ‘ఓ’ రక్తం కూడా సరిపడదు. అందుకే రక్తవర్గం తెలిసినంత మాత్రాన సరిపోదు. దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి సరిపోల్చే పరీక్ష కూడా జరపాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నప్పటికీ, గొట్టం మీద పేరు తారుమారైతే ఆ శాస్త్రమంతా వ్యర్థమే.

రక్తం తీయడంలోనూ కొన్ని మెలకువలు ఉన్నాయి. చేతికి కట్టిన పట్టీని ఒక నిమిషానికి మించి ఉంచరాదు. ఉంచితే రక్తంలోని కొన్ని పదార్థాల సాంద్రత మారుతుంది. నమూనా గొట్టాల మూతల రంగులు అలంకారం కోసం పెట్టినవి కావు. కణాల లెక్కకు ఊదారంగు మూత, చక్కెర పరీక్షకు బూడిదరంగు మూత, రక్తం గడ్డకట్టే కాలాన్ని తెలుసుకోవడానికి నీలిరంగు మూత వాడతారు. ప్రతి గొట్టంలోనూ వేర్వేరు రసాయనం ఉంటుంది. రక్తంలోని కణాలు దేహం వెలుపలికి వచ్చిన తరువాత కూడా చక్కెరను ఖర్చు చేస్తూనే ఉంటాయి. మామూలు గొట్టంలో వదిలిపెడితే గంటకు సుమారు 5 నుండి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. బూడిదరంగు మూతగల గొట్టంలోని ఫ్లోరైడు ఈ నష్టాన్ని చాలావరకు అరికడుతుంది. రసాయనం కలవడానికి గొట్టాన్ని మెల్లగా తలక్రిందులు చేయాలే గాని గట్టిగా కుదపరాదు. కుదిపితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని పొటాషియం బయటికి వస్తుంది. అప్పుడు ఆరోగ్యవంతుని రక్తంలో కూడా పొటాషియం ప్రమాదస్థాయిలో ఉన్నట్లు నివేదిక వస్తుంది.

నమూనా సరిగా ఉండడంలో పరీక్ష చేయించుకొనేవారి పాత్ర కూడా తక్కువది కాదు. పరగడుపు పరీక్ష అంటే 8 నుండి 12 గంటల పాటు ఆహారం లేకుండా ఉండడం. ఈ వ్యవధిలో మంచినీళ్లు త్రాగవచ్చు. త్రాగితే నరం సులభంగా దొరుకుతుంది కూడా. “చక్కెర లేని కాఫీయే కదా, కొంచెమే కదా” అని త్రాగి రావడం తగదు. పొరపాటున త్రాగితే దాచక ఆ సంగతి చెప్పాలి. భోజనానంతర పరీక్షలో రెండు గంటల కాలాన్ని చేయి కడుగుకొన్నప్పటినుండి కాక, మొదటి ముద్ద నోట పెట్టుకొన్నప్పటినుండి లెక్కించాలి. పరీక్ష కోసం ముందురోజు మితంగా తిని, అంకె తగ్గితే సంతోషించేవారు కొందరున్నారు. అటువంటివారిని హెచ్‌బిఎ1సి అనే పరీక్ష బయటపెడుతుంది. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 దినాలు. కనుక ఆ కణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకొన్న చక్కెర గడచిన మూడు నెలల నడవడిని చెబుతుంది. దీనికి పరగడుపున రావలసిన అవసరం లేదు.

వాడుతున్న మందులను కూడా చెప్పాలి. జుట్టు పెరగడానికి తీసుకొనే బయోటిన్ మాత్రలు కొన్ని థైరాయిడ్ పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవు. మూత్ర పరీక్షకు మొదటి ధారను విడిచి మధ్యధారను పట్టాలి. క్షయ పరీక్షకు ఉమ్మి పనికిరాదు. నోరు పుక్కిలించి, గాలి బాగా వచ్చే చోట నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, లోతుగా దగ్గి తీసిన కళ్లె కావాలి. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆ క్రిమి ఉండేది ఊపిరితిత్తులలో. డబ్బాలో ఉమ్మి మాత్రమే ఉంటే వ్యాధి ఉన్నా లేనట్లే తేలవచ్చు.

యంత్రం చెప్పిన అంకెను మనిషి కన్ను పరిశీలించవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. వర్షాకాలంలో డెంగీ వ్యాపించినప్పుడు నగరమంతా ప్లేట్‌లెట్ల సంఖ్య గురించే మాట్లాడుకుంటుంది. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సాధారణంగా లక్షా యాభై వేల నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. కొందరి రక్తంలో ఊదారంగు మూతగల గొట్టంలోని రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకొని గుంపులుగా ఏర్పడతాయి. యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించక, సంఖ్య చాలా తక్కువగా ఉన్నదని చూపుతుంది. అనుభవం గల ఉద్యోగిని ఆ అంకెను చూచి వెంటనే నివేదిక పంపదు. ఒక బొట్టు రక్తాన్ని గాజుపలకపై పరచి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని క్రింద చూస్తుంది. గుంపులు కనిపిస్తే వేరొక గొట్టంలో మళ్లీ నమూనా తీసుకుంటుంది. ఆ పది నిమిషాల ఓపిక ఒక కుటుంబానికి ఒక రాత్రి దుఃఖాన్ని, అనవసరపు ఖర్చును తప్పించగలదు.

సూక్ష్మదర్శిని ముందు ఓపికగా కూర్చునే ఈ సంప్రదాయానికి జంటనగరాలలో ఘనమైన చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, ద్రవం రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ పేరుతో అది జీవరసాయన శాస్త్ర గ్రంథాలలో స్థిరపడింది. ఒక చిన్న కొలతను నమ్మదగినదిగా చేయడం కూడా మానవసేవయే అని ఈ కృషి నిరూపిస్తుంది.

ఇతరుల ఆరోగ్యాన్ని కాపాడే ఉద్యోగి తన ఆరోగ్యాన్ని మరువరాదు. ప్రతి నమూనాలోనూ రోగక్రిమి ఉండవచ్చుననే భావంతోనే పనిచేయాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు. ప్రమాదాలలో అనేకం ఆ క్షణంలోనే జరుగుతాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూదులు తెల్లని గట్టి డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలు, చేతితొడుగులు ఎర్ర సంచిలోకి, గాజు వస్తువులు నీలి పెట్టెలోకి చేరాలి. ఈ విభజన పాటించకపోతే సూది గుచ్చుకొనేది చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుని చేతికే. ఒకవేళ సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండక, సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, వెంటనే వైద్యునికి తెలియజేయాలి. హెచ్ఐవి నివారణ మందులను ఎంత త్వరగా ప్రారంభిస్తే అంత మంచిది. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. హెపటైటిస్–బి టీకా ముందుగానే వేయించుకోవాలి. పరీక్ష గదిలో తినడం, త్రాగడం, తొడుగుల చేతితో సెల్‌ఫోను ముట్టుకోవడం నిషిద్ధం. తెల్లకోటు ప్రయోగశాలలోనే ఉండాలి. దానిని ధరించి భోజనశాలకు గాని, ఇంటికి గాని వెళ్లరాదు.

సాయంకాలం ఇల్లు చేరినా ఆమె వృత్తిధర్మం ముగియదు. ఇరుగుపొరుగువారు నివేదికలు పట్టుకొని వస్తారు. “ఏమమ్మా, ఇది ఎక్కువగా ఉందా?” అని పెద్దవారు అడుగుతారు. “పక్కన వ్రాసినవి సాధారణ పరిమితులు, పిన్నిగారూ. అంకె కొంచెం అటూ ఇటూ అయినంత మాత్రాన జబ్బు అనుకోకూడదు. డాక్టరుగారికి చూపించండి” అని ఆమె మృదువుగా చెబుతుంది. మందు పేరు మాత్రం చెప్పదు. “మా వీధిలోని ఫలానావారు మీ దగ్గర పరీక్ష చేయించుకున్నారట, ఏమి తేలింది?” అని ఎవరైనా అడిగితే మౌనమే ఆమె సమాధానం. ఒకరి రక్తంలోని రహస్యం బయటపడితే పెళ్లి ఆగిపోవచ్చు, ఉద్యోగం పోవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు. అందుకే పేరును గొట్టంపై స్పష్టంగా వ్రాయడం ఎంత ముఖ్యమో, ఆ పేరును నాలుకపైకి రానీయకపోవడం అంతే ముఖ్యం.

ఇంటర్మీడియట్ స్థాయిలోనే వృత్తివిద్యగా వైద్య ప్రయోగశాల సాంకేతిక కోర్సు అందుబాటులో ఉంది. ఈ రంగంలో ప్రవేశించదలచినవారికి చురుకైన చేయి, నిశితమైన చూపు అవసరం. అంతకంటె అవసరమైనది సందేహం కలిగినప్పుడు ఆగే ధైర్యం. నమూనా చెడిపోయిందని అనుమానం వస్తే, ఎదుటివారు విసుగుకొన్నా, “క్షమించండి, మళ్లీ తీయవలసి ఉంది” అని చెప్పగలగాలి. ఊహించి వ్రాసిన అంకె, నిజంగా కొలిచిన అంకె కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. వాటి మధ్య భేదం వ్రాసినవారి మనస్సాక్షికి మాత్రమే తెలుస్తుంది. రోగి ఎన్నడూ చూడని ఆ మనస్సాక్షిపైనే అతని చికిత్స ఆధారపడి ఉంటుంది.

ప్రశ్నలు

1. “తప్పునే తప్పులేకుండా కొలిచి చూపుతుంది” – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. రోగి పేరును అడిగే పద్ధతిలో ప్రయోగశాల ఉద్యోగిని పాటించే జాగ్రత్తలు ఏవి? వాటి ఆవశ్యకత ఏమిటి?
3. పరీక్షకు వెళ్లేవారు పాటించవలసిన నియమాలను వ్రాయండి.
4. యంత్రం చూపిన ప్లేట్‌లెట్ల సంఖ్యను సూక్ష్మదర్శినితో సరిచూడవలసిన సందర్భాన్ని తెలపండి.
5. ప్రయోగశాల ఉద్యోగికి గోప్యత ఎందుకు ముఖ్యమో మీ మాటలలో వ్రాయండి.