పిల్లల చెవికి అన్ని సంగీతాలూ కావాలి

గ్రేటర్ నోయిడాలో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని పిల్లలు ఇంట్లో అన్నమయ్య కీర్తన వింటారు. బయట పెళ్లి బరాత్‌లో ఢోల్ మోగుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో రాగిణి పాటలు పాడతారు. వీటిలో ఏది సంగీతం, ఏది గోల? ఆ తీర్పు చాలావరకు అలవాటు వల్ల ఏర్పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

మూసుకునే కిటికీ

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన పరిశోధనలు ఇందుకు ఉదాహరణ. వారు ఉత్తర అమెరికా పసిపిల్లలకు బాల్కన్ దేశాల జానపద బాణీలు వినిపించారు. వాటిలో పొడవైన, పొట్టి వ్యవధులు కలిసి వస్తాయి. 6 నెలల పిల్లలు తమ ప్రాంతపు లయ తప్పినా, బాల్కన్ లయ తప్పినా గుర్తించారు. 12 నెలల పిల్లలు అలవాటైన లయలోని తప్పునే పట్టగలిగారు. అయితే రెండు వారాలు ఇంట్లో బాల్కన్ సంగీతం విన్నాక ఏడాది పిల్లలకు ఆ నేర్పు తిరిగి వచ్చింది. పెద్దలకు మాత్రం అంతే వినికిడి సరిపోలేదు.

ఇష్టాల సంగతీ అంతే. బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజలకు, పాశ్చాత్యులు అపశ్రుతిగా భావించే స్వరాల కలయిక కూడా శ్రుతి కలిసిన దానంత ఇంపుగానే ఉందని 2016లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది.

ఇంట్లో ఏం చేయవచ్చు?

• చప్పట్లతో 7 లెక్కించాలి. కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు 3+4, హిందుస్థానీ రూపక్ 3+2+2. బాల్కన్ నృత్యాల్లోనూ 7 మాత్రల లయలున్నాయి.

• మోహన రాగం, ఆ వెంటనే హిందుస్థానీ భూపాలీ వినిపించాలి. రెండింటివీ అవే ఐదు స్వరాలు. చైనా జానపద బాణీల్లోనూ ఆ స్వరాలు వినిపిస్తాయి. పోలికలు పిల్లలనే చెప్పనివ్వాలి.

• మృదంగం, తబలాలపై నల్లటి పూత ఎందుకో అడగాలి. దానివల్లే ఆ వాద్యాల్లో అనుస్వరాలు శ్రుతికి కుదురుతాయని సి.వి. రామన్ 1920లోనే చూపారు.

• కళాకారులను ఎదురుగా చూపించాలి. ఢిల్లీ ఐఐటీలో 1977లో మొదలైన స్పిక్ మెకే సంస్థ విద్యాలయాల్లో ఇలాంటి కచేరీలు ఏర్పాటు చేస్తుంది.

నచ్చి తీరాలన్న బలవంతం వద్దు. రోజుకు పది నిమిషాలు కలిసి వింటే చాలు. పెద్దలకు కొత్తగా తోచే పాటను ‘ఏమిటా గోల’ అని ఆపేస్తే, పిల్లలు ఆ తీర్పునూ నేర్చుకుంటారు.