ఏ రాతకు ఏ కాగితం?

చదవండి: గీత – గడి – గడ్డి – ఒత్తు – అర్జీ – సంతకం

అక్కల్లారా! కొట్లో నోటుబుక్కు అడిగితే "గీతలదా, గళ్ళదా, తెల్లదా?" అంటారు. దేని పని దానిదే.

గీతల పుస్తకం

తెలుగు అక్షరానికి గుడి పైన ఉంటుంది. ఒత్తు కిందికి దిగుతుంది. గీతలు దగ్గరగా ఉంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. చోటు చాలక ఒత్తు వదిలేస్తే 'గడ్డి' కాస్తా 'గడి' అవుతుంది. అందుకే మొదట్లో గీతలు ఎడంగా ఉన్నది కొనండి.

గళ్ళ పుస్తకం

ఇది లెక్కలకు. గడికి ఒక్క అంకె. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు రాయాలి. కూరలకు 120, పాలకు 85. మొత్తం 205 రూపాయలు. 85 ఒక గడి ఎడమకు జరిగితే 850 అవుతుంది. మొత్తం 970 వస్తుంది! పొదుపు లెక్కలో ఇట్లా అయితే తగవులే కదా.

తెల్ల కాగితం

ఇది అర్జీలకు. కింద గీతల కాగితం పెట్టుకోండి. గీతలు పైకి కనబడతాయి. వరుస వంకర పోదు.

ఇది మరవకండి

ఏమీ రాయని కాగితం మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర కూడా వేయకండి. పైన ఎవరు ఏమైనా రాసుకోవచ్చు. మీ రాతకూ సంతకానికీ నడుమ ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టండి. సొమ్ము అంకెల్లోనే కాదు, మాటల్లోనూ రాయండి. 500 పక్కన సున్నా చేరిస్తే 5000. 'అయిదు వందల రూపాయలు మాత్రమే' అని ఉంటే ఆ ఆట సాగదు.

చేయండి

1. ఈ వారం ఇంటి ఖర్చు గళ్ళలో రాసి కూడండి.
2. మీ వీధి దీపం కోసం తెల్ల కాగితం మీద అర్జీ రాయండి. చదువుకున్నాకే సంతకం పెట్టండి.