అడ్వాన్సు తీరేదాకా పంపరా?

ప్రశ్న: మాది చర్ల మండలంలో ఒక గూడెం. మేస్త్రీ 20,000 అడ్వాన్సు ఇచ్చి, పదిహేడేళ్ల మా తమ్ముడిని తమిళనాడులో బోరు లారీ పనికి తీసుకెళ్లాడు. ఏడు నెలలుగా కూలి లేదు. ఫోను లాక్కున్నారు. బాకీ కడితేనే పంపుతారట. డబ్బు ఎక్కడ తేవాలి?

జవాబు: తేవద్దమ్మా. మేకలుంటే అవీ అమ్ముకోవద్దు. అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకోవడం వెట్టి. 1976 చట్టం వెట్టితోపాటు ఆ బాకీనీ రద్దు చేసింది. లెక్క రాసేది మేస్త్రీయే. తిండి, మందులు, ఛార్జీలు అన్నీ అందులో కలిపేస్తాడు. ఇక తీరేదెప్పుడు?

ఫిర్యాదు సంగతి మేస్త్రీ చెవిన పడనీయకండి. బోరు లారీ రాత్రికి రాత్రి ఊరు మారగలదు. లారీ నంబరు, దానిమీది పేరు, మీకు ఫోన్లొచ్చిన నంబర్లు రాసుకోండి. తమ్ముడి వయసు తెలిపే బడి కాగితం వెతకండి, అదే పెద్ద బలం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. కలెక్టరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ‘అది తమిళనాడు కేసు’ అని పోలీసులంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి.

విడిపించాక అధికారులిచ్చే విడుదల పత్రం లేకుండా బండెక్కవద్దు. 30,000 వరకు తక్షణ సాయం, ఆపై పునరావాసం దానితోనే ముడిపడి ఉన్నాయి.

కొడుతున్నారని తెలిసినా, కబురు ఆగిపోయినా ఆ రోజే స్టేషన్‌కు వెళ్లండి. ఉచిత వకీలు కోసం 15100కి ఫోన్ చేయండి.